బెంచి మీద వికాష్ ధొరాసూ

2006 ప్రపంచ కప్ ఫైనల్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది జిదాన్ తల. జులై 9, బెర్లిన్. మాతెరాజీ ఛాతీ మీద ఆ ఒక్క దెబ్బ, ఎర్ర కార్డు, కప్పు పక్కనుంచి తలొంచుకుని లోపలికి నడిచిపోవడం. దాని మీద పుస్తకాలొచ్చాయి, విగ్రహం కూడా వచ్చింది. అదే జట్టులో, అదే తెల్ల చొక్కాతో ఇంకో మిడ్‌ఫీల్డర్ ఉన్నాడు. ఆ రాత్రి అతను ఆడలేదు. అంతకు ముందు నాలుగు మ్యాచుల్లోనూ ఆడలేదు. పేరు వికాష్ ధొరాసూ. మారిషస్ నుంచి ఫ్రాన్స్ చేరిన తెలుగు మూలాల కుటుంబంలో పుట్టినవాడు.

అప్పట్లో మన పత్రికలు ఇతన్ని ‘ప్రపంచ కప్ ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు’ అని రాసుకున్నాయి. రాసుకుని మర్చిపోయాయి. ఆ బిరుదు కంటే అతని ఆటజీవితమే నాకు ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది. ఎందుకంటే అది పూర్తిగా గెలిచినవాడి కథా కాదు, ఓడినవాడి కథా కాదు. గెలుపు జరుగుతున్న చోటికి చేరుకుని, దాన్ని పక్కనుంచి చూడాల్సి వచ్చినవాడి కథ.

ముందు ఈ పేరు అక్కడిదాకా ఎలా వెళ్ళిందో చూద్దాం. మారిషస్ దాదాపు వందేళ్ళు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండి, 1810లో ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరుకు తోటలకి మనుషులు కావాలి. 1834 నుంచి 20వ శతాబ్దం మొదలుదాకా సుమారు నాలుగున్నర లక్షల మందిని ఇండియా నుంచి ఒప్పందం మీద ఓడల్లో తీసుకెళ్ళారు. తెలుగువాళ్ళు చాలామంది కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడెక్కారు. అందుకే మారిషస్‌లో వాళ్ళని ‘కొరింగీలు’ అన్నారు. 1839 తుపాను కోరంగిని తుడిచిపెట్టేసింది గానీ, ఆ పేరు మాత్రం సముద్రం అవతల బతికింది. పోర్ట్ లూయీలో దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రిజిస్టరులో ఎక్కించేవాళ్ళు. పలకడం రాని గుమాస్తా చెవికి ఎలా వినబడితే పేరు అలా. ధొరాసూ అన్న మాటలో మన చెవికి ‘దొర’ వినిపించక మానదు. కూలి రిజిస్టరులో దొర!

తోటలు ఇంగ్లీషు దొరతనం కింద ఉన్నా, మారిషస్ మనుషుల నోట్లో నలిగింది క్రియోల్, ఫ్రెంచి. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కణ్ణించి బయల్దేరినవాళ్ళలో కొందరు లండన్ వెళితే, కొందరు భాష తెలిసిన ఫ్రాన్స్ వెళ్ళారు. వికాష్ 1973 అక్టోబరు 10న ల్ హావ్ర్ రేవు పక్కనున్న ఆర్ఫ్లర్‌లో పుట్టాడు. కోరంగి రేవు, పోర్ట్ లూయీ రేవు, ల్ హావ్ర్ రేవు. నూరేళ్ళు దాటిన ప్రయాణంలో మూడు రేవులు.

ఆడడం మొదలెట్టింది కూడా ఆ ఊరి క్లబ్బులోనే, 1993లో. పొట్టివాడు, బక్కపల్చని మనిషి. పరుగులో వేగం గొప్పగా చెప్పుకునేదేం కాదు. ఉన్నదల్లా బంతి మీద పట్టు, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన కన్ను. మిడ్‌ఫీల్డర్ పని చూసేవాడికి తొందరగా కనబడదు. గోలు కొట్టినవాడి పేరు తెర మీద పడుతుంది. ఆ గోలుకి మూడు పాసుల ముందు బంతిని సరైన వైపుకి తిప్పినవాడి పేరు ఎక్కడా పడదు. అయిదేళ్ళ తర్వాత 1998లో లియోన్ తీసుకుంది. 1999లో ఫ్రాన్స్ జట్టు పిలుపొచ్చింది. అప్పటికి ఫ్రాన్స్ ప్రపంచ విజేత. జిదాన్, దెషాం, వియెరా, పెటీ ఉన్న మిడ్‌ఫీల్డు అది. అందులో చోటు దొరకడం అంటే నిండిన బస్సులో కిటికీ సీటు దొరకడమే. కొన్ని మ్యాచులాడి, మళ్ళీ ఏళ్ళ తరబడి బయటే ఉండిపోయాడు.

లియోన్‌లో జరిగింది చూడండి. 2001లో లీగ్ కప్పు గెలిచారు, ఇతనూ ఉన్నాడు. ఆ తర్వాతి సీజనుకి క్లబ్బు ఇతన్ని బోర్డోకి అరువిచ్చింది. సరిగ్గా ఆ సీజనులోనే, 2002లో, లియోన్ తన చరిత్రలో తొలిసారి ఫ్రెంచి లీగు గెలిచింది. ఇతనేమో బోర్డోలో లీగ్ కప్పు ఎత్తుకున్నాడు. తిరిగొచ్చి 2003, 2004 లీగు విజయాల్లో పాలు పంచుకున్నాడు గానీ, ‘తొలిసారి’ అన్న మాట ఒక్కసారే వస్తుంది కదా.

2004లో మిలాన్ పిలిచింది. పిర్లో, గట్టుసో, సీడార్ఫ్, కాకా, రూయి కోస్టా. అంతమంది ఉన్నచోట ఆరో మనిషికి పని ఏముంటుంది? అయినా వెళ్ళాడు, వెళ్ళనివాడెవడు? 2005 మే 25న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మొదటి సగానికే మిలాన్ 3-0. రెండో సగంలో లివర్‌పూల్ కెప్టెన్, ఇంగ్లీషు మిడ్‌ఫీల్డర్ స్టీవెన్ జెరార్డ్ తలతో ఒక గోలు కొట్టి, చేతులూపి జట్టుని లేపాడు. ఆరు నిమిషాల్లో 3-3. చివరికి పెనాల్టీల్లో లివర్‌పూల్ గెలిచింది. ఒక మిడ్‌ఫీల్డర్ జీవితంలోకెల్లా గొప్ప రాత్రి అది. అవతలి జట్టు బెంచి మీద కూర్చుని ధొరాసూ దాన్ని మొత్తం చూశాడు.

ఆ వేసవిలోనే పారిస్ సాంజెర్మాన్ క్లబ్బుకి వచ్చేశాడు. ఇక్కడ కొన్ని నెలలు అతనివే. దొమెనెక్ కోచ్ అయ్యాక ఫ్రాన్స్ జట్టులోకి మళ్ళీ వచ్చాడు. 2005 అక్టోబరులో సైప్రస్ మీద ప్రపంచ కప్ అర్హత మ్యాచులో గోలు కొట్టాడు. దేశం తరఫున ఆడిన 18 మ్యాచుల్లో అదొక్కటే గోలు. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచి కప్ ఫైనల్, ఎదురుగా బద్ధశత్రువు మార్సేయ్. రెండో సగం మొదలవగానే పాతిక మీటర్ల దూరం నుంచి కొట్టాడు, నేరుగా వలలోకి. పారిస్ 2-1తో గెలిచింది. గెలిపించిన గోలు అతనిదే. ఆ ఊళ్ళో పాతకాలపు అభిమానులకి ఇప్పటికీ ఆ పేరు చెబితే ఆ గోలే.

ఇక జర్మనీ. వెళ్ళేముందు ఫ్రెద్ పూలే అనే మిత్రుడు అతని చేతిలో ఒక సూపర్ 8 కెమెరా పెట్టాడు. లోపల నుంచి ప్రపంచ కప్ ఎలా ఉంటుందో తియ్యమన్నాడు. మొదటి మ్యాచ్ స్విట్జర్లాండ్‌తో, ఆఖర్లో దింపారు. రెండోది కొరియాతో, అదీ ఆఖరి నిమిషాల్లోనే. తర్వాత పిలుపు లేదు. జట్టేమో టోగో, స్పెయిన్, బ్రెజిల్, పోర్చుగల్‌లని దాటుకుంటూ ఫైనల్‌కి పోతోంది. సూపర్ 8 రీలు ఒక్కోటీ సుమారు మూడు నిమిషాలే వస్తుంది. ఆడలేని మనిషి హోటల్ గదిని తీశాడు, కిటికీని తీశాడు, తనని తాను తీసుకున్నాడు. ఆ బొమ్మలన్నీ కలిసి 2007లో ‘సబ్‌స్టిట్యూట్’ అనే సినిమాగా వచ్చాయి. అందులో ఫుట్‌బాల్ దాదాపు ఉండదు. పిలుస్తారని ఎదురుచూసే మనిషి ఉంటాడు. ఆటల మీద సినిమాలంటే మనకి ఆఖరి బంతికి సిక్సరే. ఆఖరి బంతి దాకా ప్యాడ్లు కట్టుకుని కూర్చుని ఇంటికెళ్ళిపోయినవాడి సినిమా మనకింకా రాలేదనుకుంటా.

ఇది చాలామందికి నచ్చలేదు. దేశమంతా గెలుపు మత్తులో ఉంటే నీ ఏడుపేంటి అన్నారు. నాకైతే అందులో ఏడుపు కంటే మొండితనమే ఎక్కువ కనిపించింది. జట్టు అంటే అందరూ ఒకటే అన్న కథని లోపలివాడే నమ్మనని చెప్పడం ఏ జట్టుకీ మింగుడుపడదు. క్లబ్బుకి తిరిగొచ్చాక కోచ్ గీ లకోంబ్‌తో కూడా పొసగలేదు. పత్రికలో బాహాటంగా మాట్లాడాడు. 2006 అక్టోబరులో పారిస్ సాంజెర్మాన్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. కప్పు గెలిపించిన గోలుకి అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. ఆటగాళ్ళని అమ్ముతారు, అరువిస్తారు, మూలన కూర్చోబెడతారు. ఇలా తీసేయడం మాత్రం ఫ్రాన్స్‌లో అరుదు.

ఇప్పుడు ‘మనవాడు’ అన్న మాట దగ్గరికొద్దాం. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి తెచ్చాక, ఎరుకల కుటుంబాలని సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో కుదేసిన ఊరు. హెరాల్డ్ స్టూవర్ట్ అనే ఇంగ్లీషు అధికారి పేరు పెట్టారు. అక్కడా రిజిస్టరే, అక్కడా హాజరే. కూలీల లెక్క రాసిన సామ్రాజ్యమే వీళ్ళ లెక్కా రాసింది. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఊరి రాగాల వెంకట్ రాహుల్ 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి స్వర్ణం తెచ్చాడు. వార్తల్లో ఏమొచ్చింది? దొంగల ఊరి నుంచి బంగారు పతకం అని. మన జిల్లా కుర్రాడు గెలిస్తే వందేళ్ళ నాటి రిజిస్టరు తీసి అతని మెడలో పతకం పక్కనే వేలాడదీశాం. అటు తెలుగు నేల మీద పుట్టని, మన ఊసే లేకుండా పెరిగిన ఫ్రెంచి ఆటగాణ్ణి మాత్రం వంశవృక్షం వెతికి మరీ కలుపుకున్నాం. దగ్గరివాడికి మరక, దూరపువాడికి దండ. ఇద్దరి విషయంలోనూ మనం చదివింది రిజిస్టరే, ఆట కాదు.

ధొరాసూ పుట్టుక గురించి ఫ్రాన్స్‌లోనూ లెక్కలు నడిచాయి. జట్టులో తెల్లవాళ్ళు తక్కువయ్యారని ల్ పెన్ లాంటి నాయకులు గొణిగిన రోజులవి. దానికి అతను మూలాల పాట పాడి జవాబు చెప్పలేదు, రాజకీయాలతో చెప్పాడు. ఆటలో స్వలింగ సంపర్కుల మీద ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసిన ‘పారీ ఫుట్ గే’ క్లబ్బుకి బహిరంగంగా అండగా నిలబడ్డాడు. డ్రెస్సింగ్ రూముల్లో ఆ మాట ఎత్తడానికే జంకే కాలంలో. 2020 పారిస్ మునిసిపల్ ఎన్నికల్లో వామపక్ష జాబితాలో దిగాడు. మధ్యలో పేకాట కూడా, అంటే పోకర్, పోటీల స్థాయిలో ఆడాడు.

ఆటకి ముగింపు మాత్రం ఇటలీలో పడింది. 2007లో లివోర్నో క్లబ్బుతో సంతకం పెట్టాడు. అది కూడా రేవు పట్టణమే. ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడకుండానే ఒప్పందం ముగిసింది. 2008లో, 34 ఏళ్ళ వయసులో, ఇక ఆడనని చెప్పాడు.