లండన్‌లో బ్రౌన్ దొర ఇరుగుపొరుగు

లండన్‌లో ఎమ్మెస్సీ చేసే మనవాళ్ళకి ఒక ఆదివారం ఖాళీ దొరికితే ఏం చూస్తారో తెలిసిందే. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఓ ఫొటో. కాస్త ఎర్రజెండా అభిమానం ఉన్నవాళ్ళయితే ఆర్చ్‌వే స్టేషన్లో దిగి, గుట్టెక్కి హైగేట్‌లో మార్క్స్ సమాధికి వెళ్తారు. నేనూ వెళ్ళాను, టికెట్ కొనుక్కుని మరీ (సొంత ఆస్తి వద్దన్న పెద్దమనిషిని చూడ్డానికి టికెట్టేమిటని అందరూ వేసే జోకే నేనూ వేశాను). అక్కడున్న ఆ పెద్ద తలకాయ విగ్రహం పెట్టింది 1956లో. 1883లో ఆయన్ని పూడ్చినప్పుడు వచ్చినవాళ్ళు పదిమందో, పదకొండు మందో!

నా మటుకు నాకు కెన్సల్ గ్రీన్ ఎక్కువ నచ్చింది. టికెట్ లేదు, తోపులాట లేదు. పాడింగ్టన్‌లో బేకర్లూ లైన్ ఎక్కితే అయిదో స్టేషన్. ఊళ్ళో చర్చి పెరళ్ళన్నీ సమాధులతో నిండిపోయాక 1833లో ఒక ప్రైవేటు కంపెనీ ఊరి బయట తెరిచిన శ్మశానం ఇది. అన్నట్టు, ఆ పాడింగ్టన్ స్టేషన్ కట్టిన బ్రూనెల్ కూడా (1859లో పోయాడు) ఇక్కడే ఉన్నాడు. రైలు పట్టాల మధ్య ఏడడుగులుండాలని పట్టుబట్టిన ఇంజనీరు. సాంకేతికంగా ఆయన మాటే మేలైనదని వాదించినవాళ్ళున్నారు, కానీ అప్పటికే ఎక్కువమంది వేసేసిన ఇరుకు గేజే గెలిచింది. 1892లో ఆఖరి ఏడడుగుల పట్టాలు పీకేశారు. మన ఫీల్డులో ఇలాంటివి ఎన్ని చూడలేదు!

బ్రూనెల్ తరఫున ప్రయోగాలు చేసి మరీ వాదించిన చార్లెస్ బాబేజ్ కూడా 1871 నుంచి ఇక్కడే. ప్రభుత్వం దగ్గర 17,000 పౌండ్ల దాకా ఖర్చు పెట్టించి, డిఫరెన్స్ ఇంజన్ పూర్తవకుండానే ఇంకా పెద్ద యంత్రం డిజైన్ మొదలుపెట్టాడు. 1842లో సర్కారు చేతులు దులుపుకుంది. క్లయింటు మీద జాలేస్తుంది నాకు. అయితే ఆయన గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్ని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు 1991లో కట్టి చూస్తే చక్కగా పనిచేసింది. ఆయన మెదడులో సగం కూడా వాళ్ళ దగ్గరే ఉంది, మిగతా సగం సర్జన్ల కాలేజీలో.

రవీంద్రుడి తాత ద్వారకానాథ్ ఠాగూర్ (1846) కూడా ఇక్కడే. ఇక మనం వచ్చిన పని... చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడప చేరి, తెలుగు నేర్చుకున్న కంపెనీ ఉద్యోగి. వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు, నిఘంటువు 1852లో. కడపలో బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి శుద్ధప్రతులు రాయించాడు. జీతం చాలక అప్పులు చేశాడు. 1855లో లండన్ వెళ్ళి, తర్వాత యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరయ్యాడు. 1884లో పోయాడు. అంటే మార్క్సూ ఆయనా దాదాపు 28 ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారన్నమాట. నెట్‌లో ఆంధ్రభారతి నిఘంటువులో ఒక మాట వెతికితే ఈయన ఇచ్చిన అర్థం ఇప్పటికీ వస్తుంది. అంతకాలం సపోర్టులో ఉన్న ప్రాడక్టు మనలో ఎవరు చేశాం?

కానీ బ్రౌన్‌ని దేవుణ్ణి చేసేవాళ్ళతో నాకో పేచీ ఉంది. ఆ పాఠాలన్నీ ఆయనొక్కడే కూర్చుని పరిష్కరించలేదు. జూలూరి అప్పయ్య, ములుపాక బుచ్చయ్యశాస్త్రి లాంటి పండితులు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని పోల్చి, తప్పులు తీసి, టీకలు రాశారు. మనది దహనం చేసే ఆచారం కాబట్టి వాళ్ళకి వెళ్ళి చూడ్డానికి రాయి కూడా లేదు. ఉన్నదల్లా కడపలో, బ్రౌన్ బంగళా ఉన్న చోట జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన గ్రంథాలయం. ఆయన పండితుల్లో కొందరు కూర్చుని పనిచేసింది ఆ స్థలంలోనే.