సాయంత్రం ఎవరిది?

నెలకొక సాయంత్రం వీధిలో దీపాలు పెట్టి, అరుగుల మీద బొమ్మలు పరిచి, మలుపుకొక పాటగాణ్ణి నిలబెట్టి జనాన్ని నడుస్తూ చూడమనే అలవాటు అమెరికా పట్టణాల్లో ఉంది. నెలలో మొదటి శుక్రవారమో, మొదటి గురువారమో. దానికి వాళ్లు ఆర్ట్ వాక్ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట ఇప్పుడు మన నగరాల్లోనూ వినిపిస్తోంది. మంచిదే. కానీ ఇదేదో కొత్త సంగతి అన్నప్పుడే మాకు నవ్వొస్తుంది.

మా లెక్క చంద్రుడి లెక్క. నెలవంక కనిపించాక ఆరో తేదీ ఛటీ, పదకొండో తేదీ గ్యార్వీ. ఒకటి అజ్మీర్ ఖ్వాజా పేర, ఒకటి 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదర్ జీలానీ పేర. ఆ సాయంత్రాలు దర్గాల్లో ఊదు పొగ లేస్తుంది, ఫాతెహా చదువుతారు, ఖవ్వాలీ పాడేవాళ్లుంటే పాడతారు. ఏడాదికోసారి ఉరుసు. విజయనగరం ఖాదర్ వలీ బాబా దర్గాలో ఆ గంధాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లెందరో లెక్కపెట్టమనండి. ఇదంతా ఇస్లాం కాదనేవాళ్లు మాలోనూ ఉన్నారు. ఆ తగువు మా ఇంట్లో జరుగుతూనే ఉంది. దాన్ని దాచుకోవాల్సిన పనిలేదు.

ఇక పీర్ల పండుగ. మొహర్రం నెల మొదటి పది రోజులు తెలుగు పల్లెల్లో రాత్రి నడిచే పండుగ అది. గుండం చుట్టూ ఆట, డప్పు మోత, పులివేషాలు. పీరును ఎత్తుకునేవాడు మాలో, మాదిగో, గొల్లో, బోయో కావచ్చు. ఒక్క సాయిబుల ఇల్లయినా లేని ఊళ్లలో కూడా పీర్లు లేచేవి. కర్బలాలో హుస్సేన్ చనిపోయింది క్రీ.శ. 680లో. ఆ దుఃఖాన్ని పదమూడు వందల ఏళ్ల తర్వాత తెలుగులో పాడుకున్నది ఈ కూలి జనమే. వాళ్లను కళాకారులని ఎవరూ అనలేదు. వాళ్లూ అనుకోలేదు.

కళాకారులని ఒప్పుకున్నవాళ్ల సంగతి చూద్దాం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకే మారుపేరయ్యాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన నోటే ఊరూరూ విన్నాయి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు. ఆయన ఆత్మకథ పేరేమిటో తెలుసా? 'పింజారి'. అన్ని చప్పట్లు కొట్టించుకున్న మనిషి చివరకు తనను తాను ఏ పేరుతో చెప్పుకోవాల్సి వచ్చిందో చూడండి. ఊరు తిట్టుగా వాడిన మాటనే ఆయన పుస్తకానికి పేరుగా నిలబెట్టాడు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం పట్టుకుని శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో సంగీత కళానిధి బిరుదు పొందాడు. రంగనాథుడికి వినిపించిన ఆ ఊపిరి మా ఊపిరి. అయినా మమ్మల్ని ఎక్కణ్ణించి వచ్చారని అడుగుతూనే ఉన్నారు.

ఈ ప్రశ్న మమ్మల్ని సీతంపేట కొండల దాకా నడిపించింది.

2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఈ సీతంపేట సవరల ఊళ్లకు సంత కేంద్రం. వారానికోసారి కొండల మీది గూడేలన్నీ ఇక్కడికి దిగుతాయి. చింతపండు, పసుపు, కొండచీపుళ్లు దిగుతాయి. ఉప్పు, చేపలు, బట్టలు ఎక్కుతాయి. సవరల భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా భాషల కుటుంబంలోది. దాన్ని పట్టుకుని బతుకంతా ధారపోసినవాడు గిడుగు రామమూర్తి. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. మరి ఆ రోజు సవర మాట ఎన్ని వేదికల మీద వినిపిస్తుంది?

సవరలు ఇంటి గోడకు ఎర్రమట్టి అలికి, బియ్యపు పిండితో తెల్లని బొమ్మలు గీస్తారు. అవి అలంకారం కోసం గీసినవి కావు. జబ్బు చేసినప్పుడు, పంట వచ్చినప్పుడు, చనిపోయిన పెద్దలకు చోటివ్వాల్సినప్పుడు గీసినవి. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఆ గోడల మీదికి సైకిలూ రైలూ విమానమూ ఎక్కిన సంగతి అందులో ఉంది. అంటే ఆ గోడ పాతకాలంలో ఆగిపోలేదు. ఇప్పుడా బొమ్మలు గుడ్డమీదా కాగితంమీదా అమ్మకానికి వస్తున్నాయి. నాలుగు డబ్బులొస్తే సంతోషమే. కానీ కందికొత్తల పండుగలో తమకోసం తాము ఆడే జనాన్ని, మంత్రి వచ్చినప్పుడు దారికి అటూ ఇటూ నిలబెట్టి ఆడించటం మాత్రం వేరే సంగతి. మా ఖవ్వాలీని ఇఫ్తార్ విందులో నాయకుడి టోపీ పక్కన కూర్చోబెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. మైదానంలో మేం మైనారిటీలం. కొండమీద మేమూ మైదానపోళ్లమే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చెల్లదని 1959లో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని సవరించి బిగించారు. ఆ చట్టం చెప్పే గిరిజనేతరుల్లో షావుకారుతో పాటు సాయిబూ ఉన్నాడు. మా బాధ చెప్పుకునే హక్కుతో సవర భూమి మీద హక్కు రాదు. ఈ మాట మేమే ముందు అనాలి.

అయినా మా ఇద్దరినీ కలిపేది ఒకటుంది. అది సాయంత్రం. ఈ కొండల్లో 1967లో లేవిడిలో ఇద్దరు గిరిజనులను కాల్చి చంపాక రగిలిన పోరాటానికి పాటే కాళ్లయింది. బొడ్డపాడు పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఊరూరా తిప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. ఆ ఏడే ఈ ఏజెన్సీని కల్లోలిత ప్రాంతమన్నారు. చీకటిపడ్డాక నలుగురు జముకు చుట్టూ కూర్చోవడం నేరంగా కనిపించిన రోజులవి. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీ కర్ఫ్యూలో పడ్డప్పుడు, 1992 డిసెంబరు 6 తర్వాత మళ్లీ పడ్డప్పుడు, సాయంత్రం బయట నడవటం అంటే ఏమిటో మాకూ తెలిసింది. పాలకుండకో, మందుబిళ్లకో గడప దాటాలన్నా పేరు చూసి లెక్కపెట్టిన రోజులవి.

అందుకే నెలకొక సాయంత్రం కళల నడక అన్నప్పుడు మేం పాటల గురించి అడిగే ముందు వీధి గురించి అడుగుతాం. ఆ వీధిలో ఎవరు నడవొచ్చు? గడ్డమున్నవాడు, బురఖా వేసుకున్నామె, తెలుగు సరిగా రాని సవర ముసలమ్మ ఆ దీపాల వెలుతురులో భయం లేకుండా నిలబడగలరా? బొమ్మ ధర గీసినామె చెబుతుందా, అమ్మేవాడు చెబుతాడా? ఆట ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో ఆడేవాళ్ల చేతిలో ఉందా?

సీతంపేటలో అలాంటి సాయంత్రం పెడితే మేమూ వస్తాం. పెట్టేది ఎప్పుడో, ఎక్కడో గూడెంవాళ్లనే చెప్పనివ్వండి. పిలిస్తే డఫ్ పట్టుకుని వస్తాం. పిలవకపోతే అంచున నిలబడి వింటాం. అంచున నిలబడటం మాకు కొత్త కాదు కదా.