మంచే దాళ్వా: జపాన్ స్కీ ఊళ్ళ చరిత్ర

జపాన్ ప్రధాన ద్వీపం హొన్షూ పడమటి ఒడ్డున నీగతా ప్రాంతం ఉంది. అక్షాంశం చూస్తే దక్షిణ స్పెయిన్‌తో సమానం. అలాంటి చోట మనిషి నిలువు దాటి మంచు కురవడానికి కారణం సైబీరియా గాలి. శీతాకాలంలో అక్కడినుంచి ఎముకలు కొరికే పొడిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తుంది. దక్షిణం నుంచి సాగే త్సుషిమా ప్రవాహం వల్ల ఆ సముద్రం వెచ్చగా ఉంటుంది. గాలి దారిపొడుగునా తేమ తాగి, ఒడ్డు చేరగానే ఎదురుగా నిలిచిన కొండల్ని ఎక్కుతూ చల్లబడి ఆ తేమనంతా మంచుగా దించేస్తుంది. కొండలకు ఆవలి వైపున్న టోక్యోలో అదే రోజు ఎండ కాస్తుంటుంది. నీగతాలోని తకదా పట్టణంలో 1945 ఫిబ్రవరిలో నేలమీద పేరుకున్న మంచు లోతు 377 సెంటీమీటర్లు. ఆ ఊళ్ళో ఇళ్ళ ముందు చూరులను వీధిలోకి చాచి, వాటి కింద జనం నడిచేలా కట్టుకున్నారు. మంచు వీధిని మింగేసినా ఆ చూరు కింద సంత నడిచేది.

ఈ మంచు ఆటవస్తువు కావడానికి ముందు వందల ఏళ్ళు శాపంగానే ఉంది. వరిచేలు శీతాకాలం నెలలన్నీ మంచు కింద ఉండేవి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో సరిగ్గా ఆ నెలల్లోనే కూలి మనిషి దొరకడు: పత్తి తీత, మిరప కోత, కల్లాల్లో కాయ ఎండబెట్టడం, యార్డుకు తోలడం. నీగతా రైతుకు మాత్రం అప్పుడు చేయడానికి పని ఉండేది కాదు. ఇంట్లో మగవాళ్ళు దక్షిణానికి వలస వెళ్ళేవారు. కొందరు నగరాల్లో కూలికి, కొందరు బియ్యపు సారా సాకే కాచే బట్టీలకు. ఎచిగో అని పాత పేరున్న ఈ నేలనుంచి వెళ్ళిన సాకే పనివాళ్ళకు దేశమంతటా పేరుండేది. వసంతంలో మంచు కరిగాకే వాళ్ళు ఇల్లు చేరేవారు. మంచు మీద జారే స్కీ ఆట ఈ ఊళ్ళకు వచ్చి చేసిన పని ఏమిటంటే, ఖాళీగా పడి ఉన్న శీతాకాలానికి దాళ్వా పంటను ఇవ్వడం. జపాన్‌లో స్కీ విడిది అంటే ఈనాటికీ ఓ పల్లె, ఓ వేడినీటి ఊట, ఇంటివాళ్ళే వండిపెట్టే బస ఎందుకయ్యాయో ఇక్కడినుంచి చూస్తేనే తెలుస్తుంది.

స్కీలు మొదట వచ్చింది సరదాకు కాదు. 1902 జనవరిలో ఉత్తరాన హక్కోదా కొండల్లో మంచు కవాతుకు వెళ్ళిన 210 మంది సైనికుల్లో 199 మంది గడ్డకట్టి చనిపోయారు. రెండేళ్ళకు రష్యాతో యుద్ధం వచ్చింది, జపాన్ గెలిచింది. గెలిచిన సైన్యాన్ని చూసి నేర్చుకోవడానికి ఆస్ట్రియా-హంగరీ నుంచి మేజర్ థియోడర్ ఫొన్ లెర్ఖ్ వచ్చాడు. నేర్చుకోవడానికి వచ్చినవాడే నేర్పేవాడయ్యాడు. తకదాలో ఉన్న 13వ డివిజన్ అధిపతి నగావొకా గైషి అతని స్కీ నేర్పును వాడుకోదలిచాడు. 1911 జనవరి 12న 58వ పదాతిదళ రెజిమెంట్ అధికారులకు మొదటి పాఠం జరిగింది. కనయా అనే చిన్న కొండ వారి బడి. ఆ తేదీని జపాన్‌లో స్కీ దినంగా పాటిస్తారు.

లెర్ఖ్ నేర్పింది నేటి పద్ధతి కాదు. చేతిలో ఒకటే పొడవాటి వెదురు కర్ర ఉండేది, దానిమీద భారం మోపి నిట్టవాలుల్లో మలుపు తిరిగేవారు. నగావొకా ఈ విద్యను కంటోన్మెంటులో దాచిపెట్టలేదు. బడిపంతుళ్ళకూ, స్త్రీలకూ నేర్పించాడు. మంచులో చిక్కుబడే ప్రాంతానికి ఇది రాకపోకల సాధనమని అతని లెక్క. 1912లో లెర్ఖ్ హొక్కైదో ద్వీపంలోని అసహికావాకు మారాడు. నేటి నిసెకో స్కీ విడిది పక్కనే ఉన్న యోతే పర్వతం మీదికి స్కీలతో ఎక్కాడు. అయితే హొక్కైదోకు స్కీలు తెచ్చిన ఘనత పూర్తిగా అతనిది కాదు. సప్పోరో వ్యవసాయ కళాశాలలో హాన్స్ కొల్లర్ అనే స్విట్జర్లాండ్ అధ్యాపకుడు 1908లోనే స్కీలు తెప్పించాడు. విద్యార్థులు రెండు కర్రల నార్వే పద్ధతికి మొగ్గారు. కొన్నేళ్ళలో లెర్ఖ్ ఒంటికర్ర మూలపడింది. 1923లో ఒతారులో మొదటి జాతీయ పోటీలు, 1925లో జాతీయ స్కీ సంఘం, 1928లో సెయింట్ మోరిట్జ్ శీతాకాల ఒలింపిక్స్‌కు ఆటగాళ్ళ ప్రయాణం. ఇదంతా తకదా మొదటి పాఠం తర్వాత పదిహేడేళ్ళలో జరిగింది.

ఊళ్ళు మారిన తీరు ఇంకా ఆసక్తికరం. నొజావా, జావో, కుసత్సు అప్పటికే వేడినీటి ఊటలకు పేరుపడ్డ చోట్లు. జపాన్‌లో ఇలాంటి ఊటను ఒన్‌సెన్ అంటారు. పొలం పనులతో ఒళ్ళు హూనమైన రైతులు కోతల తర్వాత వెళ్ళి రోజుల తరబడి మునిగి తేలే అలవాటు ఉండేది. అంటే స్కీవాళ్ళు రాకముందే బస ఉంది, భోజనం ఉంది, వేడినీళ్ళున్నాయి, వెనక కొండ ఉంది. నొజావా ఊరివాళ్ళు 1923లో తామే స్కీ క్లబ్ పెట్టుకుని చెట్లు కొట్టి వాలు చదును చేసుకున్నారు. ఆల్ప్స్ కొండల్లోని అర్ల్‌బర్గ్ నుంచి, అప్పటికి ప్రపంచంలో పేరుమోసిన శిక్షకుడు హానెస్ ష్నైడర్ 1930లో జపాన్ వచ్చినప్పుడు నొజావాలోనూ స్కీ చేశాడు. ఊటలు లేని చోట రైతుల ఇళ్ళే పూటకూళ్ళయ్యాయి. నేటి హకుబాలోని హొసొనో గ్రామంలో కొండదారి చూపించే రైతులు 1930ల్లో తమ ఇళ్ళలోనే స్కీవాళ్ళకు చోటిచ్చి, అనుమతి తీసుకుని బస నడిపారు. మిన్‌షుకు అనే ఇంటిబస పద్ధతికి పుట్టినిల్లుగా హొసొనోను చెప్పుకుంటారు.

ఈ ఊళ్ళను నగరానికి కలిపింది రైలు. గున్మా, నీగతా ప్రాంతాల మధ్య కొండను తొలిచి సుమారు పది కిలోమీటర్ల షిమిజు సొరంగాన్ని 1931లో తెరిచారు. అంతవరకు చుట్టుతిరిగి వెళ్ళాల్సిన టోక్యోవాళ్ళకు యుజావా పట్టణం అందుబాటులోకి వచ్చింది. 1968లో నోబెల్ పొందిన కవబాటా యసునారి తన ‘మంచుదేశం’ నవలకు పాదు వేసుకున్నది ఈ యుజావాలోనే. సొరంగానికి ఇటు ఎండ, అటు తెల్లటి నేల. ఆ మార్పు ఈరోజు బుల్లెట్ రైలులోనూ కళ్ళకు కడుతుంది.

1940 శీతాకాల ఒలింపిక్స్ సప్పోరోకు దక్కినా, చైనాతో యుద్ధం వల్ల జపాన్ 1938లో వాటిని వదులుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓటమి తర్వాత వచ్చిన అమెరికా సేనలు తమ సైనికుల వినోదానికని షిగా కొగెన్‌లో, సప్పోరో దగ్గర కుర్చీ లిఫ్టులు కట్టించాయి. దేశంలో మొదటి లిఫ్టులు అవే. అంతకుముందు ఒక్కసారి జారడానికి అరగంటో గంటో ఎక్కాల్సి వచ్చేది. లిఫ్టు వచ్చాక ఈ ఆట పర్వతారోహకుల నుంచి గుమాస్తాల చేతికి వచ్చింది. 1956 శీతాకాల ఒలింపిక్స్‌లో ఇగాయా చిహారు స్లాలమ్ స్కీ పోటీలో వెండి పతకం తెచ్చాడు. 1961లో నయేబా విడిది, అదే ఏడు నిసెకో హిరాఫు లిఫ్టు మొదలయ్యాయి. 1972లో సప్పోరోలో ఆసియాలోనే మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. 70 మీటర్ల స్కీ జంప్‌లో మూడు పతకాలూ జపాన్ వాళ్ళే గెలుచుకున్నారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు జపాన్‌కు స్కీ పిచ్చి పట్టిందంటే అతిశయం కాదు. 1982లో యుజావా మీదుగా జొయెత్సు బుల్లెట్ రైలు నడిచింది. 1987లో స్కీ నేపథ్యంలో వచ్చిన ప్రేమకథా చిత్రం ఒకటి కుర్రకారును కొండలకు ఎగదోసింది. అదే ఏడాది విడిదుల నిర్మాణానికి రాయితీలిచ్చే చట్టం వచ్చింది. చేతిలో డబ్బు ఆడుతోంది, భూముల ధరలు ఎగబాకుతున్నాయి, బ్యాంకులు అడిగినవాళ్ళకు అడిగినంత అప్పిస్తున్నాయి. 1990 డిసెంబరులో తెరిచిన గాలా యుజావాలో రైలు స్టేషనే స్కీ విడిది: టోక్యోలో రైలెక్కిన మనిషి గంటంబావుకల్లా దిగి, అదే భవనంలో బట్టలు, బూట్లు, స్కీలు అద్దెకు తీసుకుని, అక్కడే కేబుల్ బండి ఎక్కి కొండమీదికి పోతాడు. ఒక్కరోజు స్కీ ప్రయాణం అనే మాటకు అర్థం ఇచ్చింది ఈ ఏర్పాటే. 1993లో టోక్యో పక్కన ఫునబాషిలో మండువేసవిలోనూ స్కీ చేయడానికి దాదాపు అర కిలోమీటరు పొడవైన మంచు షెడ్డు కట్టారు. అది పదేళ్ళు కూడా నిలవలేదు, ఆ స్థలంలో ఇప్పుడు సామాన్ల దుకాణం ఉంది.

ఆ కాలం వదిలివెళ్ళిన వాటిలో ప్రయాణికుడికి నిజంగా అక్కరకొచ్చేది భవనం కాదు, పార్సిల్ సేవ. యమతో రవాణా సంస్థ 1976లో ఇంటింటికీ పార్సిల్ చేర్చే తక్యూబిన్ మొదలుపెట్టింది. కిక్కిరిసిన రైళ్ళలో స్కీలు మోసుకుపోయే జనాన్ని చూసి 1983లో స్కీ తక్యూబిన్ ప్రారంభించింది. స్కీలను, పెట్టెలను విమానాశ్రయంలోనో హోటల్లోనో అప్పగిస్తే ఒకటి రెండు రోజుల్లో కొండమీది బసకు చేరతాయి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. బుల్లెట్ రైలులో పెద్ద పెట్టెలకు చోటు తక్కువ కనుక జపాన్‌కు వెళ్ళేవారు ముందుగా తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

స్కీ చేసేవారి సంఖ్య 1993లో సుమారు 1.86 కోట్లకు చేరింది. అక్కడినుంచి అంతా దిగుడే. భూముల ధరల బుడగ పేలింది, అప్పులు మిగిలాయి, పిల్లలు తగ్గారు. 1998 నగానో ఒలింపిక్స్ కూడా ఆ దిగుడును ఆపలేదు. వందల విడిదులు మూతపడ్డాయి. బొగ్గు గనులు పోయాక స్కీ, వినోదాల మీద ఆశ పెట్టుకున్న హొక్కైదోలోని యుబారి నగరం 2007లో దివాలా పాలనలోకి వెళ్ళింది. చవక ధరల పోటీలో పడిన రాత్రి బస్సుల వ్యాపారం 2016 జనవరి 15న కరుయిజావా దగ్గర పెను విషాదమైంది: స్కీకి బయల్దేరిన బస్సు రోడ్డు తప్పి పడి పదిహేను మంది చనిపోయారు, ఎక్కువమంది విద్యార్థులే. ఆ తర్వాత బస్సు సంస్థల నిబంధనలు బిగించారు.

ఖాళీ అయిన కొండల్ని మళ్ళీ నింపింది విదేశీయులు. 2000 తర్వాత ఆస్ట్రేలియావాళ్ళు నిసెకోను కనుగొన్నారు. తమ వేసవి సెలవులకు అక్కడ మంచు చిక్కగా కురుస్తుంది, గడియారం పెద్దగా మార్చుకోనక్కర్లేదు, మంచు పిండిలా తేలిక. కొన్నేళ్ళకే నిసెకో పక్కన కుచ్చాన్‌లో ఇళ్ళ స్థలాల ధరలు జపాన్ మొత్తంలో అన్నిచోట్లకంటే వేగంగా పెరిగాయి. హద్దు దాటి అడవిలోకి జారి మంచుపెళ్ళల కింద పడి చనిపోయేవారు పెరగడంతో 2001లో నిసెకో నియమాలు వచ్చాయి: విడిది బయటికి పోవాలంటే నిర్ణీత ద్వారాల గుండానే, అదీ అవి తెరిచి ఉన్నప్పుడే. తాడు కింద దూరి వెళ్ళినవాడి లిఫ్టు టికెట్టు లాగేసుకుంటారు. అయితే సౌకర్యం పెరిగేకొద్దీ నిసెకోలో జపాన్ తగ్గిందనే ఫిర్యాదు ఉంది, అందులో నిజం లేకపోలేదు. పాత పల్లె వాసన కావాలంటే నొజావా, జావో నయం. నొజావాకు 2015లో ఇయామా స్టేషన్ తెరిచాక బుల్లెట్ రైలు దిగి అరగంట లోపు బస్సు ప్రయాణమే.

భారతదేశంలో ఈ చరిత్ర వేరుగా నడిచింది. బ్రిటిష్ అధికారులు గుల్‌మార్గ్‌లో 1927లోనే స్కీ క్లబ్ పెట్టినా, ఆట చాలాకాలం సైన్యంలో, ప్రభుత్వ శిక్షణ సంస్థల్లో ఉండిపోయింది. రైతు ఇంటికి అది పంట కాలేదు. చలి కోసం లంబసింగి దాకా వెళ్ళే తెలుగువాళ్ళకు మంచు మీద జారడం మరీ కొత్త. సంక్రాంతికి కూడా ఫ్యాను ఆపని గుంటూరు బ్రాడీపేట నుంచి వెళ్ళేవారికి జపాన్ స్కీ ఊరు అడిగే తయారీ కొంత ప్రత్యేకం. వీసా ముందే తీసుకోవాలి. టోక్యో వైపు కొండలకు హైదరాబాదు నుంచి ఢిల్లీ మీదుగానో, ఆగ్నేయాసియా నగరాల మీదుగానో వెళ్తారు. నిసెకోకు సప్పోరో దగ్గరి చితోసే విమానాశ్రయంలో దిగి రెండున్నర గంటలు బస్సులో పోవాలి. డిసెంబరు చివరి వారం, కొత్త సంవత్సరం, చైనా కొత్త ఏడాది పండుగ రోజుల్లో ధరలు, రద్దీ రెండూ ఎక్కువ. జనవరి నడుమనుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచు మేలిరకం. మార్చిలో ఎండ పొడ, చవక గదులు దొరుకుతాయి. నొజావాలో జనవరి 15 రాత్రి దోసోజిన్ అగ్ని ఉత్సవం జరుగుతుంది. భోగిమంటలు వేసొచ్చినవాళ్ళకు అది పరాయిగా అనిపించదు, ఆ రాత్రికి గది మాత్రం నెలల ముందే పట్టుకోవాలి.

బట్టల విషయంలో పత్తి నేల వాళ్ళు పత్తినే వదిలిపెట్టాలి. చెమటకు, మంచుకు తడిసిన నూలుబట్ట ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్ బనీను, పైన నీరు దిగని కోటు ఉండాలి. ఆ కోటును, స్కీలను, బూట్లను, హెల్మెట్‌ను కొనాల్సిన పని లేదు, అన్నీ అక్కడే అద్దెకు దొరుకుతాయి. ప్రయాణ బీమాలో స్కీ ప్రమాదాలు కూడా కలిసి ఉన్నాయో లేదో చదివి చూసుకోవాలి. ఇంటిబసల్లో రాత్రి, పొద్దున భోజనం ధరలోనే ఉంటుంది, కూరగాయల పులుసులోనూ చేపల రసం పడుతుంది కనుక శాకాహారులు గది తీసుకునేటప్పుడే చెప్పుకోవాలి. చిన్న బసల్లో నగదు చేతిలో ఉండటం మంచిది. ఒన్‌సెన్‌లోకి బట్టలతో దిగనివ్వరు, ముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కుని అప్పుడు తొట్టిలోకి దిగాలి. నొజావాలో ఊరివాళ్ళు కాపాడుకొస్తున్న పదమూడు ఉమ్మడి స్నానశాలల్లో రుసుము లేదు. గుమ్మం దగ్గరి పెట్టెలో తోచింది వేయడం ఆనవాయితీ, ఆ డబ్బు వాటి ఆలనాపాలనకే పోతుంది.