పేరు లేని సీరియళ్లు, పేరు వెతికిన పాఠకులు

1954లో చందమామలో 'తోకచుక్క' సీరియల్ మొదలైంది. రాసిన మనిషికి అప్పటికి ఇరవై రెండేళ్లకు అటూ ఇటూ. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు, మాయాసరోవరం. మొత్తం 12 సీరియళ్లు, 1970ల చివరి దాకా. ఒక్కదాని మీదా రచయిత పేరు లేదు. తెలుగు పిల్లలే కాదు, చందమామ వెలువడిన మిగతా భాషల పిల్లలు కూడా ఇవే సీరియళ్లను అనువాదంలో చదువుకున్నారు. వాళ్లకూ రాసిందెవరో తెలియదు. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం.

కర్దనూరులో ఒక రిటైర్డు కార్మికుడి ఇంట్లో నేను చూసిన బైండు పుస్తకం గురించి ఇక్కడ చెప్పాలి. పాత చందమామల్లోంచి నెలనెలా సీరియల్ పేజీలు మాత్రం విడదీసి, దబ్బనంతో కుట్టి, పైన దళసరి అట్ట వేసి తయారుచేసుకున్నది. అట్ట మీద సిరాతో 'శిథిలాలయం' అని రాసుకున్నారు. ఏ పేజీ తిప్పినా చందమామ చిత్రకారుడు చిత్రా గారి బొమ్మ కనిపిస్తుంది. పొదల మాటు నుంచి బయటికొచ్చే క్రూరమృగం, కూలిన గోడలు, కత్తి దూసిన కథానాయకుడు శిఖిముఖి, పక్కన విక్రమకేసరి. బొమ్మ మూలన చిత్రకారుడి సంతకం ఉంది. కథ రాసినవారి పేరు కోసం ఎన్ని పేజీలు వెతికినా దొరకదు. ఆ ఇంటాయన నలభై ఏళ్లు ఆ పుస్తకం దాచుకుని, పదిమంది పిల్లలకు చదివి వినిపించి, రచయిత పేరు మాత్రం రిటైరయ్యాకే తెలుసుకున్నారు. ఆ పేరు తెలిసిన రోజునే అట్ట మీద, సీరియల్ పేరు కింద, వేరే సిరాతో రాసిపెట్టారు.

మా కర్దనూరు ఉన్న ఈ పటాన్‌చెరు ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ వెనకే పారిశ్రామికవాడ వచ్చాయి. నాలుగు జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ట్రంకుపెట్టెల్లో పాత చందమామలు కూడా తెచ్చుకున్నారు. క్వార్టర్లలో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయి పోయి, అట్టలు ఊడినా పారేయని పత్రిక అది.

చందమామను 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించారు. తెలుగుతో పాటు తమిళంలో 'అంబులిమామ'గా కూడా వచ్చింది. 1952లో కొడవటిగంటి కుటుంబరావు వచ్చి, 1980 ఆగస్టులో కన్నుమూసే దాకా ఆ పత్రికను తీర్చిదిద్దారు. ఏ కథ ఎక్కడి నుంచి వచ్చినా ఆయన కలం కింద నుంచి వెళ్లాల్సిందే. చిన్న వాక్యం, సూటి మాట, అలంకారాల్లేని నడక అలా స్థిరపడ్డాయి. అయినా పత్రికలో సంపాదకుడిగా ఆయన పేరు వేయలేదు. అదే 1952లో దాసరి కూడా చేరి, 2006 దాకా అక్కడే పనిచేశారు. ఒకే పత్రికలో 54 ఏళ్లు!

బయటి నుంచి కథలు పంపిన వసుంధర, మాచిరాజు కామేశ్వరరావు వంటివారి పేర్లు అచ్చయ్యేవి. ఫొటో వ్యాఖ్యల పోటీలో గెలిచిన పాఠకుడి పేరూ అచ్చయ్యేది. కార్యాలయంలో కూర్చుని నెలనెలా పత్రికను నిలబెట్టిన వాళ్లకు మాత్రం ఆ భాగ్యం లేదు. రచయిత కంటే పత్రిక పేరే పెద్దదిగా ఉండాలన్న పద్ధతి అది. ఆ పద్ధతి వల్ల చందమామకు ఒక ఏకస్వరం వచ్చింది, నిజమే. కానీ ఆ లాభానికి చెల్లించిన మూల్యం చాలా ఎక్కువని నా నమ్మకం. పిల్లవాడికి కథ నచ్చితే రచయితకు ఉత్తరం రాయాలనిపిస్తుంది. ఎవరికి రాయాలో తెలియకపోతే ఆ ఉత్తరం పుట్టదు. ఉత్తరాలు లేనిచోట అభిమానుల బృందమూ పుట్టదు, ఆ బృందం నడిపే పత్రికా పుట్టదు.

ఇంగ్లీషు దేశాల్లో అలాంటి అభిమానుల పత్రికలు ఎలా పుట్టాయో చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. 1957లో అమెరికాలో జస్టిన్ షిల్లర్ అనే 13 ఏళ్ల కుర్రాడు 'ఓజ్' కథల రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ అభిమానులను కూడగట్టి ఒక క్లబ్బు పెట్టాడు. మొదట చేరింది 16 మంది. వాళ్ల కోసం 'బామ్ బ్యూగిల్' అనే చిన్న పత్రిక తీశాడు. బామ్ చనిపోయి అప్పటికి దాదాపు నలభై ఏళ్లు. ఏ ముద్రణలో ఏ బొమ్మ ఉంది, ఏ అట్ట ఏ సంవత్సరానిది, ఏ నాటకం ఎప్పుడు ఆడారు అన్నవి వెతికి వెతికి రాసుకోవడమే ఆ పత్రిక పని. 1969లో బ్రిటన్‌లో లూయిస్ కారల్ సొసైటీ ఏర్పడి 'జాబర్‌వాకీ' పేరుతో పత్రిక తెచ్చింది. 1995లో ఎనిడ్ బ్లైటన్ సొసైటీ వచ్చింది. అదీ ఏడాదికి మూడుసార్లు వచ్చే జర్నల్ తెచ్చింది. బ్లైటన్ సంతకమే ఆమె పుస్తకాల అట్టల మీద గుర్తు అయిపోయింది. చదవడం రాని పిల్లవాడు కూడా ఆ సంతకం చూసి ఫలానా ఆవిడ పుస్తకం అని పోల్చుకోగలడు. అందువల్ల ఆమె పోయిన 1968 తరువాత కూడా అభిమానులు ఒకరినొకరు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దవాళ్లయిన పాఠకులు ఆ జర్నల్‌ను ఆనందంగా చదువుకున్నారు, పాత పుస్తకాల వివరాలు పంచుకున్నారు, తప్పులు సరిచేశారు.

మన దగ్గర సంఘం, పత్రిక, పిల్లల రచయిత మూడూ ఒకచోట కలిసిన సందర్భం చందమామ కంటే ముందే ఉంది. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం నడిపారు. 1945 ఆగస్టులో 'బాల' పత్రిక మొదలుపెట్టారు. పిల్లలు రాసినవీ గీసినవీ అందులో వేసేవారు. ముళ్లపూడి వెంకటరమణ, బాపు చిన్నతనంలో అందులో కనిపించినవాళ్లే. 'బాల' పాఠకులకు అన్నయ్య, అక్కయ్య కళ్లముందు మనుషులు. గొంతు రేడియోలో వినిపించేది, పేరు పత్రికలో కనిపించేది, ఆటపాటలు సంఘంలో దొరికేవి. ఆ పత్రిక చందమామ అంత కాలం నిలవలేదు. కానీ అక్కడ రచయితకూ పిల్లలకూ మధ్య తెర లేదు. చందమామ అంతకు ఎన్నో రెట్లు ఎక్కువమందికి చేరింది, తెర మాత్రం తీయలేదు.

ఆ తెర తొలగడం చాలా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా జరిగింది. కుటుంబరావు పెద్దల కథకుడిగా ముందే ప్రసిద్ధుడు కాబట్టి ఆయన సంగతి కొంత నయం. కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర వారు ఆయన సాహిత్యాన్ని సంపుటాలుగా తెచ్చారు. కానీ సాహిత్య విమర్శ ఆయన్ని మధ్యతరగతి జీవిత కథకుడిగానే చూసింది. చందమామ పని ఉద్యోగం ఖాతాలో పడింది. ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ రాసిన జ్ఞాపకాలు ఆ కార్యాలయపు లోపలి వాతావరణాన్ని మనకు దగ్గర చేశాయి. పిల్లల భాషను నిర్మించినవాడిగా కుటుంబరావుకు దక్కాల్సిన స్థానం ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు.

దాసరికి ఆ పాటి ప్రసిద్ధి కూడా లేదు. ఆయన సీరియళ్లకు బొమ్మలు గీసిన చిత్రా 1978లో కన్నుమూశారు. ఆ ఇద్దరి జోడీ సీరియళ్ల పరంపర దాదాపు అక్కడితోనే ముగిసింది. అప్పటికి సీరియల్ వీరులు ఖడ్గవర్మ, జీవదత్తులతో పాటు అడవులు తిరిగిన పిల్లలు కాలేజీలకు, ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. ముప్ఫై ఏళ్ల తరువాత వాళ్లలోనే కొందరు పాత సంచికలు వెతకడం మొదలుపెట్టారు. ఒకరి దగ్గర లేని నెల ఇంకొకరి దగ్గర దొరికింది. వెతికేకొద్దీ, ఈ సీరియళ్లన్నీ ఒక్క మనిషే రాశారనీ, ఆయన ఇంకా బతికే ఉన్నారనీ తెలిసింది. కొందరు ఆయన్ని చూసి మాట్లాడగలిగారు. 2010 జనవరిలో ఆయన పోయారు.

ఆ ఏడాదే హైదరాబాదు నుంచి శాయి గారి సంపాదకత్వంలో అప్పట్లో వెలువడుతున్న 'రచన' మాసపత్రిక దాసరి స్మృతిగా ప్రత్యేక సంచిక తెచ్చింది. తెలుగులో అభిమానుల పత్రిక అనదగ్గది నా దృష్టిలో అదే. అది నిఘంటువులా వివరాలు పేర్చిన సంచిక కాదు, ఇంత కాలం పేరు తెలియని మనిషికి పాఠకులు బాకీ తీర్చుకున్న సంచిక. వాహిని బుక్ ట్రస్ట్ ఆ సీరియళ్లను పుస్తకాలుగా అచ్చువేసింది. మొదటిసారి అట్ట మీద దాసరి సుబ్రహ్మణ్యం అనే పేరు పెద్ద అక్షరాల్లో కనిపించింది. మంచి పుస్తకం వారు కూడా ఆయన రచనలను పుస్తకరూపంలోకి తెచ్చారు. ఈ పనులు విశ్వవిద్యాలయాలు చేయలేదు, ప్రభుత్వ అకాడమీలు చేయలేదు. చిన్నప్పుడు చదివిన సీరియల్‌ను మరచిపోలేని మామూలు పాఠకులు, ఒకరిద్దరు పట్టుదల గల ప్రచురణకర్తలు చేశారు.

కానీ ప్రత్యేక సంచిక ఒక్కసారి వచ్చి వెళ్లిపోతుంది. బ్యూగిల్ అరవై ఏళ్లు దాటినా వస్తూనే ఉంది కాబట్టి, ఈ సంచికలో తేలని సంగతి వచ్చే సంచికలో తేలుతుంది. మనకు ఆ కొనసాగింపు లేదు. ఏ సీరియల్ ఏ నెల మొదలై ఏ నెల ముగిసింది, ఏ భాగంలో ఎవరి బొమ్మలు, ఏ కథ మూలం ఎక్కడిది, సంతకం లేని ఏ కథ కుటుంబరావుది, ఏది దాసరిది అన్న పట్టిక పక్కాగా తయారుకావాలి. చందమామ 2012 ప్రాంతంలో ఆగిపోయింది. దాని కార్యాలయంలో పనిచేసినవాళ్లలో చాలామంది లేరు. 1952 నుంచి బొమ్మలు గీసిన శంకర్ 2020లో వెళ్లిపోయారు.

ఇంట్లో పాత చందమామ బైండు ఉన్నవాళ్లు దాన్ని కాగితాలవాడికి వేయకండి. మొదటి పేజీలో సంవత్సరం, నెలలు, ఏ సీరియల్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో పెన్సిలుతో రాసిపెట్టండి. ఏ భాగం లేదో కూడా రాయండి. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు కథతో పాటు రాసినవారి పేరు, బొమ్మ గీసినవారి పేరు చెప్పండి. దాసరి సుబ్రహ్మణ్యం పేరు మీద ఏడాదికి ఒక్క సంచికైనా సరే, నలుగురు కలిసి తీయగలిగితే, దానికి చందా కట్టే మొదటివాళ్లలో మా కర్దనూరు వాళ్లు ఉంటారు.