దాచుకున్న ఊపిరి

1950ల నాటి డైవరు ఒకడు ఇరవై మీటర్ల లోతున ఉన్నాడు. ఉన్నట్టుండి ఊపిరి బరువెక్కింది. ఎంత పీల్చినా గాలి చాలడం లేదు. అతను కంగారుపడలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, సిలిండరు పక్కన వేలాడే సన్నటి కడ్డీని తడిమి కిందికి లాగాడు. గాలి మళ్లీ ధారాళంగా వచ్చింది. ఇక ఆలస్యం చెయ్యకుండా పైకి బయల్దేరాలి. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో నీటిలోనే చూపే గేజీ అప్పటికి చాలామంది దగ్గర లేదు. గాలి అయిపోవచ్చిందని ఊపిరే చెప్పాలి, గట్టెక్కించే దారి వాల్వే చూపాలి.

అత్యవసరానికి వెంట తీసుకెళ్లే చిన్న సిలిండరుకు ఏ వాల్వు మంచిదని ఇవాళ్టి డైవరు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఈ కడ్డీ దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

1933లో ఫ్రాన్సులో ఈవ్ లె ప్రియూర్ తయారుచేసిన పరికరంలో గాలిని డైవరే చేత్తో వాల్వు తిప్పి వదులుకోవాల్సి వచ్చేది. గాలి చాలా వృథా అయ్యేది. పదేళ్లకు, 1943లో, జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చే రెగ్యులేటరు చేశారు. అంతకుముందు గాన్యాన్ మోటారు కార్లను గ్యాసుతో నడిపే రెగ్యులేటరు మీద పనిచేసినవాడు. ఊపిరి ఇచ్చే పని రెగ్యులేటరుకు పోవడంతో సిలిండరు వాల్వుకు రెండే పనులు మిగిలాయి. ఒకటి తెరవడం, మూయడం. రెండోది, ఆఖరి ఘడియకు కాస్త గాలి అట్టిపెట్టడం.

యూఎస్ డైవర్స్ కంపెనీ కేటలాగులో ఈ రెండు పనులకు రెండు వాల్వులుండేవి. ఉత్త తెరిచి మూసే వాల్వు పక్కన 'కే' అనే అక్షరం, గాలి అట్టిపెట్టే వాల్వు పక్కన 'జే' అనే అక్షరం అచ్చయ్యాయి. ఆ కేటలాగు అక్షరాలే పేర్లుగా స్థిరపడిపోయాయి. జే వాల్వులో ఒక స్ప్రింగు ఉంటుంది. సిలిండరు పీడనం సుమారు 20 బార్లకు దిగేసరికి అది దారి మూస్తుంది. కడ్డీతో మీటను కిందికి లాగితే ఆ అడ్డు తొలగుతుంది. 12 లీటర్ల సిలిండరయితే అప్పటికి ఇంకా 240 లీటర్ల గాలి ఉన్నట్టు.

చిక్కల్లా ఆ మీటతోనే. నాచులోనో తాడులోనో తగులుకుని అది ముందే కిందికి దిగిపోతే, అట్టిపెట్టిన గాలి డైవరుకు తెలియకుండానే ఖర్చయిపోయేది. ఊపిరి బరువెక్కినప్పుడు కడ్డీ లాగితే ఒరిగేదేమీ ఉండదు. 1970లలో నీటిలో చూసుకునే ప్రెషర్ గేజీ వాడకం పెరిగే కొద్దీ జే వాల్వు వెనకబడింది. ఎప్పుడు తిరగాలో గేజీ చెబుతుంది కాబట్టి స్ప్రింగుతో పని లేకపోయింది.

అయితే గేజీ మిగిలిన గాలిని చూపుతుందే గానీ, రెగ్యులేటరు చెడిపోతే మరో దారి చూపలేదు. ఈ సంగతి ముందుగా గుహల్లో దిగేవాళ్లకు తెలిసింది, ఎందుకంటే తలెత్తితే వాళ్లకు నీటి పైభాగం కాదు, రాతి కప్పు తగులుతుంది. బహామాస్‌లో ఆండ్రోస్ దీవి దగ్గరి సముద్రపు బిలాలను శోధించిన జార్జ్ బెంజమిన్ పేరు మీద రెండు వాల్వుల మానిఫోల్డు ప్రసిద్ధమైంది. జంట సిలిండర్లను కలిపే ఈ గొట్టానికి రెండు నోళ్లుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రెగ్యులేటరు. ఒకటి మొరాయిస్తే దాన్ని మూసేసి రెండోదానితో పీల్చుకోవచ్చు. ఇంగ్లండులోని ఇరుకు గుహల్లో దూరేవాళ్లు మరో దారి పట్టారు. ఏ సిలిండరుకా సిలిండరు, ఏ రెగ్యులేటరుకా రెగ్యులేటరు విడిగా పెట్టుకుని, వాటిని నడుము పక్కన కట్టుకున్నారు.

ఈ రెండో దారినే చిన్నగా చేసి వీపు మీది పెద్ద సిలిండరుకు తగిలిస్తే అదే పోనీ బాటిల్. పేరు పొట్టి గుర్రానిది. తెలుగు చెవికి మాత్రం "పోనీ, ఇదైనా ఉందిలే" అన్నట్టు వినిపిస్తుంది, దాని పనీ అదే. 3 లీటర్ల పోనీలో 200 బార్ల గాలి అంటే 600 లీటర్లు. 30 మీటర్ల లోతున పీడనం నాలుగింతలు. కంగారులో నిమిషానికి 30 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 120 లీటర్లు ఖర్చు చేస్తాడు. అంటే అక్కడే ఆగిపోతే అయిదు నిమిషాలు. వెంటనే పైకి కదిలితే, దారిలో భద్రత కోసం ఆగాల్సిన కాసేపటికీ సరిపోతుంది.

ఇంత కొద్ది గాలిని నమ్ముకున్నప్పుడు వాల్వు ఎంత సాదాగా ఉంటే అంత మేలు. జే వాల్వు ఇక్కడ అక్కర్లేదు, పోనీ అంతా అట్టిపెట్టిన గాలే కదా. తేల్చుకోవాల్సింది రెగ్యులేటరు బిగించే పద్ధతి. పాతది యోకు. వాల్వు చుట్టూ లోహపు చట్రం తొడిగి మరతో బిగిస్తారు. మన ఇంటి గ్యాస్ బండలో లాగే రబ్బరు వాషరు వాల్వులోనే ఉంటుంది. బండ మార్చేటప్పుడు అది ఉందో లేదో చూసుకుంటాం కదా, ఇక్కడా అంతే. చట్రానికి గట్టి దెబ్బ తగిలి రెగ్యులేటరు పక్కకు జరిగితే ఆ వాషరు బయటికి తన్నుకొస్తుంది. జర్మన్ ప్రమాణమైన డిన్‌లో రెగ్యులేటరు నేరుగా వాల్వు లోపలికే మరలతో దిగుతుంది, వాషరు లోపలే చిక్కుకుని ఉంటుంది. 232 బార్ల డిన్‌కు అయిదు మరలు, 300 బార్లదానికి ఏడు. పోనీకి 232 బార్ల డిన్ వాల్వు తీసుకుంటే చాలావాటిలో ఒక ఇత్తడి బిళ్ల దిగేసి యోకు రెగ్యులేటరు కూడా వాడుకోవచ్చు. 300 బార్లదానికి ఆ సౌకర్యం లేదు.

సిలిండరు మెడ మరలు మాత్రం షాపులోనే చూపించుకోవాలి. ఎం25 మరకూ ముప్పావు అంగుళం మరకూ పైకి తేడా కనిపించదు. ఒకదానిలోకి మరొకటి కొంతదాకా ఎక్కుతుంది కూడా. గాలి నింపేటప్పుడు ఆ వాల్వు తుపాకి గుండులా ఎగిరిపోవచ్చు.

ఇక మిగిలింది వాల్వు పిడి. పాత అలవాటు ప్రకారం పూర్తిగా తెరిచి అర చుట్టు వెనక్కి తిప్పేవాళ్లు. తెరవడానికీ మూయడానికీ తికమకపడిన చెయ్యి పూర్తిగా మూసి అర చుట్టు తెరిచిందనుకోండి, ఒడ్డున ఊపిరి బాగానే ఆడుతుంది. లోతుకు వెళ్లాక చాలదు. అందుకే ఇప్పుడు పూర్తిగా తెరిచి అలాగే వదిలెయ్యమంటారు. నీటిలోకి దూకే ముందు గేజీ చూస్తూ రెండు మూడు సార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు ప్రతి ఊపిరికీ వెనక్కి జారి మళ్లీ పైకి లేస్తుంటే వాల్వు సరిగ్గా తెరుచుకోనట్టే. ఆనాటి డైవరు వీపు వెనక తడిమి తెలుసుకున్న సంగతిని, ఈనాటి డైవరు ఒడ్డునే కళ్లతో చూసుకోగలడు.