ఓదెల చిత్రాలు

పెద్దపల్లి జిల్లా ఓదెల గ్రామం నేపథ్యంగా రెండు తెలుగు సినిమాలు వచ్చాయి: 'ఓదెల రైల్వేస్టేషన్' (2022), 'ఓదెల 2' (2025). రెండింటికీ కథ సంపత్ నందిది, దర్శకత్వం అశోక్ తేజది. పాటల రచయిత సుద్దాల అశోక్ తేజ వేరు, ఈయన వేరు. మొదటి సినిమాలో కొత్త పెళ్లికూతుళ్లను చంపే హంతకుడు మామూలు మనిషి. రెండో సినిమాలో చచ్చినవాడే ప్రేతమై మళ్లీ ఆ ఊరి మీదే పడతాడు. ఇటువంటి హత్యల సినిమాలను స్లాషర్ చిత్రాలంటారు. ఒకే హంతకుడు, ఒకే ఊరు, ఒకే కథ రెండో భాగానికి సాగడం తెలుగు స్లాషర్లలో అరుదు.

ఓదెల స్టేషన్ కాజీపేట-బల్లార్షా రైలు మార్గంలో, పెద్దపల్లికి కాజీపేట వైపున ఉంది. రామగుండం నుంచి దక్షిణానికి పోయే సింగరేణి బొగ్గు రైళ్లు దీని మీదుగానే వెళ్తాయి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది. సినిమాలు రాకముందు ఓదెలకు ఉన్న పేరంతా మల్లన్నది. మల్లికార్జున స్వామి గుడికి చుట్టుపక్కల జిల్లాల జనం బోనాలతో వస్తారు, ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తారు. సంపత్ నంది సొంతూరు ఇదే. 'రచ్చ', 'బెంగాల్ టైగర్', 'సీటీమార్' వంటి భారీ మాస్ సినిమాలు తీసిన ఆయన, చిన్న సినిమాకు కథ రాయాల్సి వచ్చేసరికి తన ఊరినే ఎంచుకున్నారు. 2023లో 'దసరా' తీసిన శ్రీకాంత్ ఓదెల ఇంటిపేరు కూడా ఇదే కావడంతో కొందరు పొరబడుతుంటారు. ఆ సినిమా బొగ్గుగనుల ప్రాంతపు కథే గానీ, ఈ రెండింటితో దానికి సంబంధం లేదు.

'ఓదెల రైల్వేస్టేషన్' థియేటర్లకు రాలేదు. 2022 ఆగస్టు 26న నేరుగా ఆహా ఓటీటీలో విడుదలైంది. నిర్మాత కె.కె.రాధామోహన్, సంగీతం అనూప్ రూబెన్స్. నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా తీశామని ప్రచారం చేశారు. రాధ (హెబ్బా పటేల్) తన భర్త తిరుపతి (వశిష్ఠ సింహ) తల నరికి, ఆ తలతో పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది. ఇంకోవైపు ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్ల హత్యలు జరుగుతుంటాయి. శిక్షణలో ఉన్న ఐపీఎస్ అధికారి అనుదీప్ (సాయి రోనక్) దర్యాప్తు చేస్తుంటాడు. ఈ రెండు దారాలకూ ముడి ఎక్కడుందో చెప్పకుండా వ్యాసం ముందుకు సాగదు: ఆ హంతకుడు తిరుపతే.

ఈ సినిమా బలమంతా అక్కడుంది. ఊరిలో అందరి మధ్య తిరిగేవాడు, ఎవరూ అనుమానించనివాడు హంతకుడు. 'హాలోవీన్' (1978) తరువాతి అమెరికన్ స్లాషర్లలో చివరిదాకా బతికి హంతకుణ్ని ఎదిరించే అమ్మాయి ఒకతి ఉంటుంది. ఆ పాత్రకు విమర్శకురాలు కేరల్ క్లోవర్ 1987లో 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. రాధ అలాంటిదే, కానీ ఆమె పారిపోతున్న బాధితురాలు కాదు, హంతకుడితో కాపురం చేస్తున్న ఇల్లాలు. 'కుమారి 21ఎఫ్' నాయికగా గుర్తుండిపోయిన హెబ్బా పటేల్‌ను ఏ మెరుగులూ లేని ఆ పాత్రలో చూపడం సాహసమే, అది ఫలించింది కూడా.

హంతకుడు చచ్చాక సీక్వెల్ ఎలా తీయాలన్నది స్లాషర్లకు పాత చిక్కే. దీనికి అమెరికాలో 'ఫ్రైడే ది థర్టీన్త్' వరుస మంచి ఉదాహరణ. 1980 నాటి మొదటి చిత్రంలో హంతకురాలు ఒక తల్లి. 1981లో ఆ పని కొడుకు జేసన్ అందుకున్నాడు. 1984లో అతణ్ని చంపి, అదే చివరి భాగమని పేరులోనే ప్రకటించారు. మరుసటి ఏడాది ముసుగులో వేరే మనిషిని పెడితే అభిమానులు మెచ్చలేదు. 1986లో దర్శకుడు టామ్ మెక్‌లాగ్లిన్ సమాధిలోని శవం మీద పిడుగు పడేసి జేసన్‌ను లేపాడు. కాస్త హాస్యమూ కలిపాడు. అప్పటి నుంచి జేసన్ చావులేని పిశాచమే, శ్రేణికి మళ్లీ ఊపిరి వచ్చింది.

'ఓదెల 2'లో సంపత్ నంది పట్టుకున్నది సరిగ్గా ఇదే ఉపాయం, అయితే పిడుగుకు బదులు ఊరి తీర్పు పెట్టారు. తిరుపతి ఆత్మకు శాంతి దక్కకూడదని ఊరివాళ్లు శవాన్ని దహనం చేయకుండా 'సమాధి శిక్ష' వేస్తారు. ఆ శిక్షే ప్రేతాన్ని ఊరికి అంటగడుతుంది. హత్యలు మళ్లీ మొదలవుతాయి. రాధ తోబుట్టువు, నాగసాధువుగా మారిన భైరవి (తమన్నా) వచ్చి ప్రేతాన్ని ఎదుర్కొంటుంది. ఊరు తన కోపంతో తానే కీడు తెచ్చుకోవడమన్నది నిజంగా మంచి ఆలోచన. దాన్ని ఇంకా లోతుగా తవ్వి ఉండాల్సింది.

సీక్వెల్ స్థాయి పూర్తిగా మారింది. 2024 మార్చిలో కాశీలో షూటింగ్ మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళాలో టీజర్ విడుదల చేశారు. 'కాంతార' సంగీత దర్శకుడు అజనీష్ లోక్‌నాథ్ పనిచేశారు. నిర్మాత డి.మధు. పేరులోంచి రైల్వేస్టేషన్ ఎగిరిపోయింది. ఏప్రిల్ 17న తెలుగుతో పాటు ఇతర భాషల్లోనూ థియేటర్లకు వచ్చింది. సమీక్షలు పెద్దగా అనుకూలించలేదు, వసూళ్లూ ఆశించినట్టు రాలేదు. మే 8 నుంచి అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది.

పోల్చడానికి పక్కనే మరో సినిమా ఉంది. అనిల్ విశ్వనాథ్ తీసిన 'మా ఊరి పొలిమేర' 2021 డిసెంబరులో వచ్చింది; 'ఓదెల రైల్వేస్టేషన్' లాగే అదీ ఓటీటీలోనే విడుదలైంది. దాని రెండో భాగం 2023 నవంబరు 3న థియేటర్లకు వచ్చి బాగా ఆడింది. అక్కడ పెద్ద తారను తేలేదు. సత్యం రాజేష్‌నూ, చేతబడి భయాన్నీ, ఊరి అనుమానాలనూ అలాగే ఉంచి, మొదటి భాగంలో విప్పకుండా వదిలిన ముడులను పట్టుకుని లాగారు. 'రాజుగారి గది' సినిమాల (2015, 2017, 2019) దారి ఇంకొకటి: పేరు ఒకటే, ప్రతిసారీ కథ వేరు. రెండోది మలయాళ 'ప్రేతం' ఆధారంగా వచ్చింది.

'ఓదెల 2' తన ఊరి పేరును దేశమంతటికీ చేర్చింది, ముగిసిపోయిన కథకు కొనసాగే దారి చూపింది. కానీ మొదటి భాగంలో భయపెట్టింది ప్రేతం కాదు, పక్కింటి మనిషి. మల్లన్న మహిమ, నాగసాధువు తేజస్సు ముందు నిలబెట్టాక తిరుపతి మామూలు సినిమా దయ్యమైపోయాడు. పెట్టుబడి పెరిగింది, భయం తగ్గింది. రెండింటిలో నిలిచే సినిమా మొదటిదే.