బొమ్మల బెంగ

1995 నవంబరు 22న అమెరికాలో విడుదలయిన ‘టాయ్ స్టోరీ’, ఆద్యంతము కంప్యూటరుతో రూపొందిన తొలి పూర్తి నిడివి చలనచిత్రము. అందు పాత బొమ్మ వుడీ, క్రొత్త బొమ్మ రాకతో పిల్లవాని మనసులో తన చోటు పోవునని బెంగపడును. 1993లో తొలి రూపమును చూచిన డిస్నీ వారు వుడీ మరీ కఠినుడని పని ఆపించిరి. పిక్సార్ రచయితలు కథను తిరిగి వ్రాసిరి.

ఆ శ్రమ ఫలించినది. విమర్శకులు యంత్రకౌశలమును మెచ్చిరి. హాస్యమును, ఆ బెంగను కూడ అంతగానే మెచ్చిరి. 1996లో దర్శకుడు జాన్ లాసెటరుకు ప్రత్యేక ఆస్కారు పురస్కారము లభించుట మాకు వింతగా తోచదు. స్వతంత్ర చిత్రరచనకిచ్చు ఆస్కారు పోటీకి ఒక యానిమేషన్ చిత్రము ఎంపికగుట మాత్రము అదియే మొదలు. ఇంట తమ్ముడు పుట్టిననాడు అన్న ముఖము చూచినవారికి మేము కారణము చెప్పనక్కరలేదు.